ఎకరానికి ఎన్ని గడపలు

తెల్లవారి మహమూదా వంటింట్లోంచి బయటికి వచ్చేసరికి వరండా చివర ఇంకో పొయ్యి వెలుగుతోంది.

మూడు ఇటుకలు. వాటి మధ్య కొబ్బరిమట్టలు. పైన గంజి గిన్నె. ముందు కూర్చుని ఊదుతున్నది ఆడబిడ్డ సఫియా. పొగ వాకిట్లోకి పోకుండా తిన్నగా ఇంట్లోకే వస్తోంది.

"ఏమిటిది సఫియా?"

"గంజి, భాభీ."

"గంజని తెలుస్తూనే ఉంది. పొయ్యి సంగతి అడుగుతున్నాను."

సఫియా ఊదడం ఆపలేదు. "మా పిల్ల మీ బట్ట పాడుచేసింది. మళ్ళీ మీ గిన్నెలోనే చెయ్యి పెట్టాలంటే మనసొప్పలేదు."

"పొయ్యి వేరు పెడితే బట్ట బాగవుతుందా?"

"బట్ట బాగవదు. నిన్న మీరన్న మాట ఇంకోసారి వినే పని ఉండదు."

నిన్న తానేమన్నదో మహమూదాకి గుర్తుంది. తిన్నింటి వాసాలు లెక్కపెట్టేవాళ్ళ సంగతి విన్నాను గాని, తిన్నింటి బట్టకి సున్నం పూసేవాళ్ళని ఇప్పుడే చూస్తున్నాను, అంది. అప్పుడు సఫియా కూతురు మున్నీ గుమ్మం పక్కనే ఉంది. పధ్నాలుగేళ్ళ పిల్ల. ఏడవలేదు. చేతిలో ఉన్న తడిబట్టల నీళ్ళు మోచేతుల మీదుగా కారుతుంటే అలాగే నిలబడింది.

"ఒక కప్పు కింద రెండు పొయ్యిలు వెలిగిస్తే పేటలో ఏమనుకుంటారు?"

"ఒక పొయ్యి దగ్గర రెండు మొహాలున్నాయని ఇప్పటికే అనుకుంటున్నారు."

ఫజర్ నమాజుకి వెళ్ళిన రహంతుల్లా అప్పుడే తిరిగొచ్చాడు. గడప దగ్గర చెప్పులు విడిచి, టోపీ మడిచి జేబులో పెట్టుకున్నాడు. పొయ్యిని చూశాడు. చెల్లెల్ని చూశాడు. భార్యని చూశాడు.

ఆడవాళ్ళిద్దరూ ఆగారు. ఏదో ఒకటి అంటాడని ఇద్దరికీ ఆశే.

"ఇవాళ కౌన్సిల్ మీటింగు. ఇస్త్రీ చొక్కా ఎక్కడుంది?" అన్నాడు రహంతుల్లా.

పొయ్యి పక్కనుంచి జాగ్రత్తగా అడుగు వేసి లోపలికి వెళ్ళాడు.

మహమూదా అతని వెనకాలే వెళ్ళింది. ట్రంకుపెట్టె మీంచి చొక్కా తీసింది గాని ఇవ్వలేదు. చేతిలోనే పట్టుకుంది.

"ఆ పొయ్యి చూశారా?"

"చూశాను."

"చూసి?"

"పొగ ఎక్కువగా ఉంది. మట్టలు పచ్చివనుకుంటాను."

"మట్టల సంగతి కాదండీ నేనడిగేది!" అని, బయటికి వినబడుతుందని గొంతు తగ్గించింది. "సరే, పొయ్యి వదిలేయండి. ఇవాళ చెయ్యి దేనికెత్తుతారు? పదహారుకా, ముప్పైకా?"

"అందరి మాటా వినాలి కదా."

"ఆరు నెలల్నుంచి వింటున్నారు."

ఉప్పెన రోజున దిబ్బ మీద ఒక పక్కనున్న పాత ఉప్పు కొఠార్ల గోడలు పడిపోయాయి. ఉప్పంతా వచ్చిన నీటితోనే తిరిగి వెళ్ళిపోయింది. మిగిలింది ఖాళీ దిబ్బ. దాని మీద ఇల్లు లేనివాళ్ళకి ఇళ్ళు కట్టించాలని మునిసిపాలిటీ అనుకుంది. అంతవరకూ అందరూ సరేనన్నారు. ఎకరానికి ఎన్ని ఇళ్ళు అన్న దగ్గర పేచీ వచ్చింది.

పదహారైతే ఇళ్ళ మధ్య ఖాళీ నేల ఉంటుంది. కలంకారీ అచ్చుపనివాళ్ళు ఎప్పటిలాగే అక్కడ బట్టలు పరుచుకోవచ్చు. కాని దరఖాస్తు పెట్టుకున్నవాళ్ళలో సగం మందికి ఇల్లు రాదు. ముప్పై అయితే అందరికీ ఇళ్ళొస్తాయి. అడుగు నేల మిగలదు.

దివిసీమ నుంచి వచ్చినవాళ్ళ వంతు చివర పెట్టారు. ఉప్పెనలో మొగుడూ ఇల్లూ పోయి అక్కడినుంచి వచ్చిన సఫియాకి పదహారైతే ఇల్లు లేదు. ముప్పై అయితే ఉంది.

"చిరివేరు రంగు ఉడుకులోంచి తీసిన బట్టని పెరట్లో తీగ మీద ఆరేయమంటారా?" అంది మహమూదా. "నేల మీద పరవాలి. ఆరుతున్న కొద్దీ నీళ్ళు చిలకరించాలి. రోజంతా ఎండ తాగాలి. అప్పుడు గదా ఎరుపు ఎరుపుగా నిలిచేది. మా నాన్న కార్ఖానా పెట్టిందే ఆ దిబ్బని చూసుకుని. ఆ నేల పోతే రంగు కాచే రాగి బాన అమ్ముకోవడమే."

"తెలుసు."

"పదహారైతే మీ చెల్లెలు ఈ వరండాలోనే ఉండిపోతుంది. అదీ తెలుసా?"

"తెలుసు."

"మరి మీకేం కావాలి?"

రహంతుల్లా చొక్కా కోసం చెయ్యి చాచాడు. "ఇద్దరూ బాగుండాలి."

"అది దువా. ఓటు కాదు."

అతను చొక్కా తొడుక్కున్నాడు. బొత్తాలు పెట్టుకుంటున్నంత సేపూ కిందికే చూశాడు. తర్వాత సైకిలు తీసుకుని వెళ్ళిపోయాడు. అతనికి గంజి ఇవ్వాలని సఫియా లోటా నింపింది. అన్నం పెట్టాలని మహమూదా పళ్ళెం తీసింది. రెండూ అలాగే ఉండిపోయాయి.

మహమూదా పళ్ళెం ముందు కూర్చుని తన మాటలే మళ్ళీ తలుచుకుంది. సఫియా ఎప్పుడు వెళ్తుందా అని చూస్తున్నది తనే. సఫియా వెళ్ళే వీలు లేకుండా చేసే పదహారు కోసం మొగుడి ప్రాణం తోడుతున్నదీ తనే.

గుడివాడలో పెద్దాడబిడ్డకి ఈ తలనొప్పి లేదు. తల్లీకూతుళ్ళని కొన్నాళ్ళుంచుకుని, 'బందరులో తమ్ముడు కౌన్సిలరు, మీకక్కడే బాగుంటుంది' అని రైలెక్కించింది.

* * *

కార్ఖానా ఇంటి వెనకే. తాటాకు కప్పు, మధ్యలో పొడవాటి అచ్చుబల్ల. అల్లాబక్షు అప్పటికే పనిలోకి వచ్చాడు. మహమూదా తండ్రి నాటి మనిషి. అచ్చు రంగులో అద్ది, బట్ట మీద ఆనించి, పిడికిలితో పైన ఒక్క గుద్దు గుద్దితే ఇంట్లో గిన్నెలకి కూడా తెలుస్తుంది.

ఇవాళ గుద్దుల్లేవు. పాడైన బట్టలు ముందేసుకుని కూర్చున్నాడు.

"అమ్మాయ్, ఇదేమన్నా కొత్త డిజైనా? ఢిల్లీ వాళ్ళకి చూపిద్దామా? వాళ్ళకి అర్థం కాకపోతే చాలు, ఎగబడి కొంటారు."

"నాకు నవ్వు రావట్లేదు చాచా."

"నాకూ రావట్లేదు. ఊరుకోలేక అన్నాను."

మహమూదా ఒక బట్ట తీసింది. ఎర్రటి నేల మీద నల్లటి లత. ఒక అంచు వెంట అంగుళం మేర ఎరుపు చచ్చి, దెబ్బ తగిలిన ఒంటిలా కమిలి ఉంది. దిబ్బ మీద ఇంజనీరు మనుషులు సున్నంతో గీతలు గీశారు. ఆ గీతల మీద తడిబట్ట పరిచింది మున్నీ. నిన్న కోపంలో మహమూదా అంతవరకే చూసింది.

ఇంకో బట్ట తీసింది. దానికీ అంచు వెంటే. ఇంకోటి. దానికీ అంతే.

చూడకుండా పరిచిన పిల్ల అయితే గీత బట్టకి అడ్డంగా పడాలి, ఐమూలగా పడాలి. ఇన్ని బట్టల్లో ఒక్కదాని మధ్యలోంచి కూడా గీత పోలేదు. రెండింటికి మాత్రం మూలలో మడత తిరిగినట్టు మరక ఉంది.

మహమూదా వాటిని నేల మీద వేసింది. మూల ఉన్న బట్టల్ని మూలల్లో పెట్టింది. మిగిలినవి వాటికి కలిపింది. ఒకచోట కలవలేదు. ఒక మనిషి పట్టేంత ఖాళీ ఉండిపోయింది.

"మున్నీ, ఇలా రా."

పెరట్లో తొట్టి దగ్గర అచ్చులు కడుగుతున్న మున్నీ చేతులు తుడుచుకుంటూ వచ్చింది. మేనమామ భార్యకి రెండు బారల దూరంలో ఆగింది.

"సున్నం గీతలు నీకు కనబడలేదా?"

"కనబడ్డాయి ముమానీ."

"చూసే పరిచావా?"

మున్నీ అల్లాబక్షు వైపు చూసింది. ఆయన తల పక్కకి తిప్పుకున్నాడు.

"ముప్పై అయితే ఒక్కో ఇల్లు ఎంతుంటుందో గీసి చూపించారు ముమానీ. గీతలు గీతల్లాగే ఉన్నాయి. ఇల్లులా కనబళ్ళేదు. బట్టలు ఎలాగూ పరవాలి కదా. గీతల మీదుగా పరిస్తే గోడలుంటే ఎలా ఉంటుందో తెలుస్తుందనీ..."

"గోడలా?"

"ఎర్రగా, ఇటుక గోడల్లాగే ఉన్నాయి." మున్నీ గొంతులో చిన్న ఉత్సాహం వచ్చి, వెంటనే తగ్గింది. "గుమ్మం దగ్గర మాత్రం వదిలేశాను."

"సున్నం తగిలితే ఎరుపు కమిలిపోతుందని తెలీదూ?"

"తెలీదు ముమానీ. పాలకాయతిప్ప దగ్గర మా ఇంటికి సున్నం గోడలే. పండక్కి మా నాన్నా నేనూ వేసేవాళ్ళం. సున్నం మంచిదే అనుకున్నాను."

ఉప్పెన తర్వాత ఆ పిల్ల నోట తండ్రి మాట మహమూదా వినడం అదే మొదలు.

"లోపల నిలబడి చూశావా?"

"చూశాను. అమ్మా నేనూ పడుకుంటే కాళ్ళు గోడకి తగలవు."

అల్లాబక్షు దగ్గాడు. అది దగ్గు కాదు.

"ఈ మాట నిన్నే చెప్పొచ్చు కదే!" అంది మహమూదా. విసుగ్గా అందామనుకుంది. విసుగు రాలేదు.

"మీరు ఎందుకు చేశావని అడగలేదు ముమానీ. ఏం చేశావో చూడన్నారు."

మహమూదా బట్టల్ని ఒక్కొక్కటీ తీసి మడతపెట్టింది. మున్నీ సాయానికి వంగింది. వద్దనలేదు. ఇద్దరూ నాలుగు కొసలూ పట్టుకుని, దగ్గరికి నడిచి, మడతపెట్టి, మళ్ళీ దూరం జరిగారు.

పని అయ్యాక మహమూదా లోపలికి వెళ్ళి బురఖా వేసుకుని వచ్చింది.

"ఎక్కడికమ్మాయ్?" అన్నాడు అల్లాబక్షు.

"మీటింగుకి."

"ఆడవాళ్ళు వెళ్తారా అక్కడికి?"

"వెనకాల బెంచీ ఉందటగా. బెంచీకి ఆడా మగా ఏముంది చాచా?"

* * *

వీధి మలుపులో ఒకటే రిక్షా ఉంది. దాని పక్కన సఫియా నిలబడి ఉంది.

"ఆఫీసుకా?" అంది మహమూదా.

"ఆఫీసుకే."

రిక్షా అతను ఇద్దర్నీ మార్చి మార్చి చూశాడు. "ఇద్దరూ ఒకే చోటికైతే ఒకే బండి ఎక్కండమ్మా. ఒకే దారి రెండుసార్లు తొక్కితే నా కాళ్ళు నన్నే తిడతాయి."

ఎక్కారు. సీటు చిన్నది. మధ్యలో ఖాళీ ఉంచాలని ఇద్దరూ చెరో పక్కకి ఒరిగారు. ఈదేపల్లి దాటేదాకా ఎవరి వీధి వాళ్ళు చూసుకున్నారు. ఎండలో చేపల బుట్టల వాసన వచ్చింది, పోయింది.

"మీరెందుకు భాభీ ఇంత ఎండలో?"

"ఆయన చెయ్యి ఎటు లేస్తుందో చూడొద్దా?"

"నేనూ అందుకే."

గతుకు వచ్చింది. భుజాలు తగిలాయి. సర్దుకున్నారు.

"భయ్యా మీతో ఏమన్నాడు?"

"ఇద్దరూ బాగుండాలన్నారు."

"నాతోనూ అదే అన్నాడు."

ఇద్దరిలో ఎవరు ముందు నవ్వినా రెండోవాళ్ళు నవ్వేవాళ్ళే. ఎవరూ ముందు నవ్వలేదు.

* * *

కౌన్సిలు హాల్లో పంకా తిరుగుతోంది గాని గాలి చైర్మన్ కుర్చీ దాకానే పోతోంది. గోడకి మేకులు కొట్టి దిబ్బ పటం వేలాడదీశారు. వెనక బెంచీ మీద ఇద్దరు ఆడవాళ్ళు వచ్చి కూర్చోవడం చూసి ముందు వరసలో తలలు తిరిగాయి. రహంతుల్లా తల కూడా తిరిగింది. వెంటనే మళ్ళీ పటం వైపు తిరిగిపోయింది.

కాలవ గట్టు వార్డు కౌన్సిలరు వెంకటరత్నమ్మ నిలబడి మాట్లాడుతోంది. కూర్చుని మాట్లాడటం ఆవిడకి చేతకాదని ఊళ్ళో అంటారు.

"పదహారని ఎవరు పెట్టారండీ ఈ లెక్క? సగం మందికి ఇల్లిచ్చి సగం మందిని గట్టు మీదే ఉండమంటే, ఎవరిని ఉండమంటారో మీరే వచ్చి చెప్పండి. నేను చెప్పలేను. నన్ను కొడతారు."

చైర్మన్ వెంకటస్వామి మర్యాదస్తుడు. ఎవరి మీదా గొంతెత్తడు. "అమ్మా, ఊరన్నాక గాలీ వెలుతురూ ఉండాలి. కోళ్ళగంపల్లా ఇరికించి కడితే రేపు ఏ కలరానో వస్తే ఎవరిది బాధ్యత?"

"గట్టు మీద ఇప్పుడు గంప కూడా లేదు చైర్మన్ గారూ. గాలీ వెలుతురూ అంటారా, కావలసినంత. మీరొకసారి వచ్చి పడుకోండి, తమకే తెలుస్తుంది."

హాలంతా నవ్వింది. చైర్మన్ కూడా మర్యాదకి నవ్వాడు.

ప్లీడరు గోపాలకృష్ణ లేచాడు. పదహారు పక్షానికి ఆయనే నోరు. "నవ్వులాట కాదండీ. ఈ ఊరి అచ్చుబట్ట ఒకప్పుడు ఓడలెక్కి దేశదేశాలు వెళ్ళింది. ఈ ఊరికి ఆ పేరు తెచ్చింది మన పనివాళ్ళు. ఆ నేల తీసేస్తే ఆ పని పోతుంది. పని పోతే పేరు పోతుంది."

"పేరు కప్పుకుని పడుకోమంటారా ప్లీడరు గారూ?" అంది వెంకటరత్నమ్మ.

ప్లీడరు చెప్పింది అబద్ధం కాదు. మహమూదా పొద్దున మొగుడితో అన్నదీ దాదాపు అదే. కాని ఇస్త్రీ మడతలు నలగని ఆయన నోట ఆ మాట వింటుంటే మహమూదాకి తన చీర ఇంకెవరో కట్టుకున్నట్టు అనిపించింది.

పక్కన సఫియా రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. వేళ్ళు కదలడం లేదు.

వాదన చాలాసేపు సాగింది. కొత్త మాటలు అయిపోయాయి, పాతవి మళ్ళీ వచ్చాయి. ఇటు ఎంతమందో అటూ అంతమందేనని అందరికీ తెలుసు. తేలాల్సింది రహంతుల్లా ఒక్కడి సంగతే. అతను ఇంతవరకూ పెదవి విప్పలేదు.

"ఓటింగుకి ముందు ఒక అభ్యంతరం," అన్నాడు ప్లీడరు. "రహంతుల్లా గారంటే నాకు గౌరవమే. కాని వారి చెల్లెలు ఆ స్థలంలో ఇంటికి దరఖాస్తు పెట్టుకుంది. సొంత లాభం ఉన్న విషయంలో సభ్యుడు ఓటు వెయ్యకూడదు. రూలు ఉంది."

వెంకటరత్నమ్మ కయ్యిమంది. "చెల్లెలి మాట చెప్పి భార్య మాట మింగేస్తారేం? ఆవిడ కార్ఖానా బట్టలు ఆరేది అదే దిబ్బ మీద కదా! మునిసిపాలిటీ పర్మిషనుతోనే కదా!"

"అయితే రెండు వైపులా సంబంధం ఉన్నట్టేగా," అన్నాడు ప్లీడరు నెమ్మదిగా. "నా మాటే నిలబడింది."

చైర్మన్ పక్కనున్న కమిషనర్ని అడిగాడు. కమిషనర్ తలూపాడు.

"రహంతుల్లా గారూ, రూలు అలాగే ఉందంటున్నారు. మీరు ఓటింగులో పాల్గొనడానికి వీల్లేదు."

అంటే ఏమిటో బెంచీ మీద కూర్చున్నవాళ్ళకి కూడా తెలుసు. అతను తప్పుకుంటే రెండు వైపులా సమానం. సమానమైతే చైర్మన్ తన ఓటు వేస్తాడు. చైర్మన్‌ది పదహారు.

మహమూదా గుండె ఒక్కసారి తేలికపడింది. నేల నిలిచింది. ఎవరినీ అడక్కుండా, ఎవరితోనూ పోట్లాడకుండా నిలిచింది.

అప్పుడు మొగుడి మొహం చూసింది.

రహంతుల్లా జేబురుమాలు తీసి మెడ తుడుచుకుంటున్నాడు. భుజాలు కిందికి దిగాయి. బస్తా దించి పక్కన పెట్టిన కూలీ మొహంలో ఉండే సుఖం అతని మొహంలో ఉంది. 'నేనేం చెయ్యను, రూలు' అని ఇంటికొచ్చి ఇద్దరితోనూ అనబోయే మాట అప్పుడే ఆ మొహంలో తయారవుతోంది.

మహమూదా చూసిందే సఫియా కూడా చూసింది. లేచి నిలబడింది.

"అయ్యా, నేను సఫియాని. వారి చెల్లెల్ని."

"అమ్మా, చూడ్డానికి వచ్చినవాళ్ళు మాట్లాడకూడదు."

"ఒక్క మాటండీ. నా దరఖాస్తు కొట్టేయండి."

కమిషనర్ కాగితాల్లోంచి తలెత్తాడు.

"నాకు ఇల్లొద్దు. మా అన్నయ్యని చెయ్యి ఎత్తనివ్వండి."

రహంతుల్లా సగం లేచాడు. "సఫియా, కూర్చో."

"మీరు కూర్చోండి భయ్యా. నేను మీతో మాట్లాడట్లేదు, చైర్మన్ గారితో మాట్లాడుతున్నాను."

మహమూదా ఆమె చెంగు పట్టి లాగింది. "నీకేమన్నా పిచ్చా?" అంది గొంతు తగ్గించి. "ముప్పై గెలిచినా ఇప్పుడు నీకు ఇల్లు రాదు. ఎవరి కోసం?"

"గట్టు మీదవాళ్ళ కోసం. మా ఊళ్ళో ఉప్పెనకి మిగిలినవాళ్ళు ఇంకా ఆ గట్టు మీదే ఉన్నారు."

"నువ్వెక్కడుంటావు?"

"మీ ఇంట్లోనే. ఇంకెక్కడికి పోతాను భాభీ?"

ప్లీడరు గొంతు సవరించుకున్నాడు. "ఆమె త్యాగం గొప్పదే. కాని సంబంధం ఇంకొకటి ఉండిపోయింది కదండీ. కార్ఖానా భార్య పేరు మీద ఉన్నా, భర్త సంబంధం కిందికే వస్తుంది."

ఇప్పుడు తలలన్నీ మహమూదా వైపు తిరిగాయి.

ఆమె చెయ్యవలసింది ఏమీ లేదు. ఊరికే కూర్చుంటే చాలు. నేల ఉంటుంది. రాగి బాన ఉంటుంది. అల్లాబక్షు గుద్దులకి ఇంట్లో గిన్నెలు మోగుతూనే ఉంటాయి. సఫియా వరండాలో ఉంటుంది, అంతే. ఆమె ఎలాగూ అక్కడే ఉంటానంటోంది.

లేచి మాట్లాడితే నేల పోతుంది. సఫియా వరండాలోనే ఉంటుంది. రెండు విధాలా నష్టం తనకే.

రహంతుల్లా ఆమె వైపు చూస్తున్నాడు. కూర్చోమని ఆ కళ్ళు బతిమాలుతున్నాయి. అది నేల కోసం కాదని మహమూదాకి తెలిసిపోయింది. జేబురుమాలు ఇంకా అతని చేతిలోనే ఉంది.

ఆమె లేచింది.

"కార్ఖానా నా పేరు మీద ఉందండీ. దిబ్బ మీద బట్టలు పరుచుకోడానికి మీరిచ్చిన పర్మిషను నాకక్కర్లేదు. రాసుకోండి."

"అమ్మాయ్!" గుమ్మం దగ్గరనుంచి అల్లాబక్షు అరిచాడు. ఎప్పుడు వచ్చాడో, తలుపు పట్టుకుని నిలబడి ఉన్నాడు. "రేపు బట్ట ఎక్కడ పరుస్తావు?"

మహమూదా గుమ్మం వైపు ఒకసారి చూసి, మళ్ళీ చైర్మన్ వైపే తిరిగింది.

"ఆలోచించుకుని చెప్పండమ్మా," అన్నాడు చైర్మన్. "మీ వారు ముప్పైకి ఎత్తుతారని మీకు నమ్మకమేనా?"

"నాకు తెలీదండీ. ఆయన పదహారనొచ్చు, ముప్పై అనొచ్చు. ఏదో ఒకటి నోరు తెరిచి అనాలి. ఇంట్లో ఆరు నెలల్నుంచి అడుగుతున్నాం, ఇద్దరం."

ఈసారి ఎవరూ నవ్వలేదు. వెంకటరత్నమ్మ కూడా కూర్చుంది.

కమిషనర్ ఇద్దరి మాటా రాసుకుని తలూపాడు. చైర్మన్ కళ్ళద్దాలు తీసి తుడిచి మళ్ళీ పెట్టుకున్నాడు.

"పదహారు అనేవాళ్ళు."

చేతులు లేచాయి. గుమాస్తా లెక్కపెట్టాడు.

"ముప్పై అనేవాళ్ళు."

చేతులు లేచాయి. అన్నే. రెండుసార్లూ రహంతుల్లా చేతులు బల్ల కిందే ఉన్నాయి.

"రహంతుల్లా గారూ, మీకిప్పుడు అడ్డం ఏమీ లేదు," అన్నాడు చైర్మన్.

రహంతుల్లా నిలబడ్డాడు. వెనక బెంచీ వైపు చూశాడు. భార్య కళ్ళ కోసం వెతికాడు. ఆమె సఫియాని చూస్తోంది. చెల్లెలి కళ్ళ కోసం వెతికాడు. ఆమె మహమూదాని చూస్తోంది. ఆ చూపులో క్షమించడం లేదు, స్నేహం కూడా లేదు. ఒకే బరువుకి చెరో పక్కా చెయ్యి వేసినవాళ్ళు ఒకరినొకరు చూసుకున్నట్టు చూసుకుంటున్నారు.

తర్వాత ఇద్దరూ ఒక్కసారే అతని వైపు తిరిగారు.